ఆన్ కాని డిజిటల్ కెమెరాను ఇంట్లోనే బాగు చేసుకోవడం ఎలా?

బీరువా అడుగు అరలో, పెళ్లి ఆల్బమ్‌ల పక్కన ఒక చిన్న డిజిటల్ కెమెరా పడి ఉండే ఇళ్లు చాలానే ఉన్నాయి. మా ఇంట్లోదాన్ని చివరిసారి వాడింది 2015 జూలైలో, గోదావరి పుష్కరాలప్పుడు. ఆ తర్వాత ఫోటోలన్నీ ఫోన్‌తోనే. ఆరేళ్లకి తీసి బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. బ్యాటరీ చార్జ్ చేసి పెట్టినా అంతే. ఆవేశంగా స్క్రూలన్నీ విప్పేసి, రెండు గంటలు లోపలి సర్క్యూట్ బోర్డు మీద వెతికాను. చివరికి తేలిందేమిటంటే, బ్యాటరీ మూత అంచున ఉండాల్సిన బియ్యపు గింజంత ప్లాస్టిక్ ముక్క విరిగిపోయింది. దానికోసం కెమెరా విప్పాల్సిన పనే లేదు.

ఆ తర్వాత చుట్టాలవి, స్నేహితులవి మరికొన్ని నా చేతికి వచ్చాయి. వాటిలో ఎక్కువవాటికి బోర్డు బాగానే ఉంది, దానికి కరెంటే అందడం లేదు. అందుకే ఇక్కడ చెప్పిన పనులు ఇదే వరసలో చేయండి. ముందు బయటివి, ఆ తర్వాతే లోపలివి. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం ఆఖరి మెట్టు.

ఇదంతా జేబులో పట్టే కాంపాక్ట్ కెమెరాల గురించి, అంటే సుమారు 2002 నుంచి 2015 దాకా వచ్చినవాటి గురించి. లెన్స్‌లు మార్చుకునే పెద్ద కెమెరాకి, అంటే డీఎస్ఎల్ఆర్‌కి, బ్యాటరీ, మూత, కార్డు వరకు పనికొస్తుంది. దాన్ని విప్పడం మాత్రం వేరే విద్య.

ముందు భయపడాల్సిన సంగతి

కెమెరా చచ్చిపోయిందని దాని ఫ్లాష్ కూడా చచ్చిపోయిందని అనుకోకండి. ఫ్లాష్ వెలగడానికి లోపల ఒక కెపాసిటర్ ఉంటుంది. చిటికెన వేలంత నల్లటి గొట్టంలా ఉంటుంది, దాని మీద ఎక్కువగా 330V అని రాసి ఉంటుంది. 3.7 వోల్టుల బ్యాటరీ నుంచే కెమెరా 300 వోల్టుల దాకా తయారుచేసి అందులో నిల్వ పెడుతుంది. బ్యాటరీ తీసేశాక కూడా ఆ చార్జ్ గంటలు, ఒక్కోసారి రోజుల తరబడి ఉండిపోతుంది. నాకు ఒకసారి తగిలింది. మోచేయి దాకా జివ్వుమని, చేతిలోని కెమెరా ఎగిరి మంచం కిందికి పోయింది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు కెమెరా విప్పే పని అసలు పెట్టుకోవద్దు. పిల్లలు పక్కన ఉండగా కూడా వద్దు. దాన్ని ఖాళీ చేసే పద్ధతి కింద చెప్తాను. అది చదవకుండా ఒక్క స్క్రూ కూడా తిప్పకండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

వోల్టేజి, రెసిస్టెన్స్ కొలిచే మల్టీమీటర్ తప్పనిసరి. ఖరీదైనది అక్కర్లేదు, కరెంటు సామాన్ల షాపుల్లో దొరికే మామూలు పసుపు రంగు మీటర్ చాలు. మొబైల్ రిపేరుకి వాడే చిన్న ప్లస్ స్క్రూడ్రైవర్ల సెట్టు, పట్టకారు, మొబైల్ షాపులవాళ్లు ఐపీఏ అని పిలిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్, పెన్సిల్ రబ్బరు, గాలి ఊదే రబ్బరు బ్లోయర్ కూడా కావాలి. హైదరాబాదులో ఉన్నవాళ్లకు కోఠిలోని గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. మిగతావాళ్లు ఊళ్లో మొబైల్ స్పేర్ పార్టుల షాపులో అడిగితే ఇవన్నీ దొరుకుతాయి.

స్క్రూడ్రైవర్ విషయంలో ఒక్క మాట. ఈ కెమెరాలు ఎక్కువగా జపాన్ కంపెనీలవి. వాటి స్క్రూల తల మన ప్లస్ స్క్రూడ్రైవర్‌కి సరిగ్గా సరిపోదు, జారి గాడి అరిగిపోతుంది. తిప్పే బలం కన్నా కిందికి నొక్కే బలం ఎక్కువ పెట్టండి.

మొదటి మెట్టు: బ్యాటరీ

చార్జర్ మీద పచ్చ లైటు వెలిగిందని బ్యాటరీ బాగుందని నమ్మకండి. మీటర్‌ని 20 వోల్టుల డీసీ మీద పెట్టి, బ్యాటరీ ప్లస్, మైనస్ మధ్య కొలవండి. 3.7 వోల్టులు అని రాసి ఉన్న లిథియం బ్యాటరీ పూర్తిగా చార్జ్ అయితే 4.1 నుంచి 4.2 దాకా చూపించాలి. 3.6 దగ్గర ఉంటే చార్జ్ కాలేదని అర్థం. మరుసటి రోజు మళ్లీ కొలవండి. రాత్రికి రాత్రి 4.2 నుంచి 3.8కి పడిపోతే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే.

వోల్టేజి బాగానే ఉన్నా మోసం చేసే బ్యాటరీలు ఉంటాయి. లెన్స్ బయటికి వచ్చే క్షణంలో కెమెరా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, పాత బ్యాటరీ అక్కడ కూలబడుతుంది. దీనికి తేలికైన పరీక్ష ఉంది. 10 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ (కరెంటుకి అడ్డం పడే చిన్న భాగం) ఒకటి కొని, దాన్ని ప్లస్ మైనస్‌ల మధ్య పది సెకన్లు ఆనించి, అదే సమయంలో వోల్టేజి చూడండి. నిండుగా చార్జ్ అయిన మంచి బ్యాటరీ 3.8కి పైనే నిలబడుతుంది. 3.4 కిందికి జారితే కొత్తది కొనాల్సిందే. రెసిస్టర్ వేడెక్కుతుంది, వేళ్లతో పట్టుకోకండి.

మీటర్ అసలు సున్నా చూపిస్తే? లిథియం బ్యాటరీ లోపల ఒక చిన్న రక్షణ బోర్డు ఉంటుంది. ఏళ్ల తరబడి వాడకపోతే సెల్ బాగా దిగిపోయి, ఆ బోర్డు బయటికి వచ్చే దారిని మూసేస్తుంది. అసలు చార్జర్‌లో పెట్టి అరగంట దగ్గరుండి చూడండి, కొన్ని మేలుకుంటాయి. మేలుకోకపోతే వదిలేయండి. తొమ్మిది వోల్టుల బ్యాటరీని తగిలించి లేపే చిట్కాలు వీడియోల్లో చాలా తిరుగుతున్నాయి. 2 వోల్టుల కిందికి దిగిన సెల్ లోపల రాగి కరిగి, మళ్లీ చార్జ్ ఎక్కేటప్పుడు లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. కొత్త బ్యాటరీ దొరుకుతున్నప్పుడు ఇల్లు కాల్చుకునే ప్రయోగాలు ఎందుకు? కాస్త ఉబ్బిన బ్యాటరీని కూడా లోపలికి నొక్కి పెట్టకండి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి.

పెన్సిల్ సెల్స్‌తో నడిచే కెమెరాలైతే కథ వేరు. టీవీ రిమోట్‌లో వేసే చవక సెల్స్ వాటికి చాలవు. కెమెరా ఒక్క క్షణం వెలిగి, లెన్స్ సగం బయటికి వచ్చి ఆగిపోతుంది. మనం కెమెరా పాడైందనుకుంటాం. 2000 ఎంఏహెచ్ దాటిన రీచార్జబుల్ సెల్స్ వేసి చూడండి. పాత సెల్స్ కారిపోయి తెల్లటి పొడి పేరుకుని ఉంటే, ఇయర్ బడ్‌కి వెనిగర్ గానీ నిమ్మరసం గానీ అద్ది తుడవండి. అది కారిన క్షారాన్ని విరిచేస్తుంది. ఆ తర్వాత ఐపీఏతో శుభ్రంగా తుడిచి ఆరనివ్వాలి, లేకపోతే ఆ పులుపే స్ప్రింగులను తినేస్తుంది.

లిథియం బ్యాటరీ కూర్చునే చోట ఉండే ఇత్తడి రంగు పిన్నులను టార్చ్ వేసి చూడండి. చిలుము పట్టి ఉంటే ఐపీఏతో, బ్యాటరీ మీది రేకులనైతే పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. పిన్ను లోపలికి అణిగిపోయి ఉంటే పట్టకారుతో కొంచెం పైకి లాగాలి. వాటిలో మూడో పిన్ను ఉష్ణోగ్రత చూడటానికి. అది సరిగ్గా ఆనకపోయినా కొన్ని కెమెరాలు బ్యాటరీ తమది కాదని మొండికేస్తాయి.

రెండో మెట్టు: విప్పకుండా చేసే పరీక్షలు

నన్ను రెండు గంటలు తిప్పలు పెట్టిన మూత సంగతి ఇక్కడే చూడాలి. చాలా కెమెరాల్లో బ్యాటరీ మూత మూసినప్పుడు దాని అంచున ఉన్న చిన్న ముల్లు పక్కనున్న సందులో దూరి, లోపలి స్విచ్‌ని నొక్కుతుంది. అది నొక్కుకుంటేనే కెమెరాకు కరెంటు. మూత తెరిచి, బ్యాటరీ పెట్టి, ఆ సందులో టూత్‌పిక్‌తో మెల్లగా నొక్కి పట్టుకుని ఆన్ చేయండి. వెలిగిందా, మీ రిపేరు ఇక్కడితో అయిపోయినట్టే. గడువు తీరిన ఏటీఎం కార్డు నుంచి చిన్న ముక్క కోసి, మూత అంచుకు అరాల్డైట్‌తో అతికించి, ఒక రాత్రి ఆరనివ్వండి. ఫెవిక్విక్ మాత్రం వద్దు. అది ఆరేటప్పుడు లేచే ఆవిరి గాజు మీద, పిన్నుల మీద తెల్లటి పొరలా కూర్చుంటుంది.

అది కాకపోతే మెమరీ కార్డు తీసేసి ఆన్ చేయండి. పాడైన కార్డు వల్ల మొదట్లోనే బిగుసుకుపోయే కెమెరాలున్నాయి. ఇంకో తిరకాసు కూడా ఉంది. 4 జీబీ నుంచి 32 జీబీ దాకా ఉండే ఎస్‌డీహెచ్‌సీ కార్డులు 2006లో వచ్చాయి. అంతకుముందటి కెమెరాలకు 2 జీబీ వరకే తెలుసు. ఇప్పుడు కొన్న 32 జీబీ కార్డు వేసి కార్డ్ ఎర్రర్ వచ్చిందంటే తప్పు కెమెరాది కాదు.

తర్వాత, ఆన్ బటన్‌కి బదులు ఫోటోలు చూసే ప్లే బటన్‌ని రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకోండి. చాలా కాంపాక్ట్ కెమెరాలు ఇలా లెన్స్ బయటికి తీయకుండానే ఆన్ అవుతాయి. ఈ చిన్న పరీక్ష ఎంతో చెప్తుంది. ప్లే బటన్‌తో తెర వెలిగిందంటే బోర్డుకు కరెంటు అందుతోంది, మెయిన్ బోర్డు పనిచేస్తోందన్నమాట. బ్యాటరీ మొదటి మెట్టు పరీక్షల్లో నిలబడి ఉంటే, లోపం ఎక్కువగా ఆన్ బటన్‌లోనో లెన్స్‌లోనో ఉంటుంది.

తెర నల్లగానే ఉండి, బటన్ నొక్కితే బీప్ శబ్దాలు వస్తుంటే? చీకటి గదిలో తెర మీద ఏటవాలుగా టార్చ్ వేయండి. లీలగా మెనూ కనిపిస్తే పోయింది వెనక లైటు మాత్రమే. ఏవీ కేబుల్ ఉంటే టీవీకి, లేకపోతే యూఎస్‌బీతో కంప్యూటర్‌కి తగిలించండి. కంప్యూటర్ కెమెరాను గుర్తుపట్టిందంటే ప్రాణం ఉన్నట్టే.

మెనూ, పాత ఫోటోలు చక్కగా కనిపిస్తూ కొత్తగా తీసేది మాత్రం నల్లగానో, ఊదా రంగు చారలతోనో వస్తోందా? కెమెరా 2002-2004 నాటిది అయితే సెన్సార్ మీద, అంటే లెన్స్ వెనక బొమ్మను పట్టే చిప్పు మీద అనుమానపడాలి. ఆ కాలంలో సోనీ తయారుచేసిన కొన్ని సీసీడీ రకం సెన్సార్లలో, వేడి, తేమ ఎక్కువున్న వాతావరణంలో లోపలి తీగల అతుకు ఊడిపోయేది. 2005లో అది బయటపడ్డాక, అవే సీసీడీలు వాడిన కెనాన్, నికాన్ లాంటి కంపెనీలు కూడా ఉచితంగా మార్చి ఇచ్చాయి. ఇప్పుడా సదుపాయం లేదు. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో వాడిన ఆనాటి కెమెరా ఇలా ప్రవర్తిస్తే దాని మీద సాయంత్రాలు ఖర్చు పెట్టకండి.

లెన్స్ ఇరుక్కుంటే

ఆన్ చేయగానే కటకట శబ్దం, లెన్స్ సగంలో ఆగడం, తెర మీద లెన్స్ ఎర్రర్, వెంటనే ఆఫ్. ఎక్కువసార్లు కారణం ఇసుక రేణువే. బీచ్‌కి, నది రేవుకి వెళ్లొచ్చిన కెమెరాల జబ్బు ఇది.

బ్యాటరీ తీసేసి, లెన్స్ కిందికి చూసేలా పట్టుకుని, గొట్టం చుట్టూ సందులో బ్లోయర్‌తో ఊదండి. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి. మామూలు తెల్ల కాగితాన్ని సన్నని పట్టీలా కోసి, ఆ సందులో దూర్చి గుండ్రంగా తిప్పండి. ఇసుక దానికి అంటుకుని వస్తుంది, లేదా గరగరమని ఎక్కడుందో తెలుస్తుంది. పక్క వైపు అరచేతి మీద మెల్లగా నాలుగైదు సార్లు తట్టి, మళ్లీ ఊదండి. నూనె, డబ్ల్యూడీ-40 లాంటివి ఒక్క చుక్క కూడా వేయొద్దు. అవి గాజు మీదికి, షట్టర్ రేకుల మీదికి పాకి, బాగయ్యేదాన్ని కూడా చంపేస్తాయి.

కింద పడి గొట్టం ఒక పక్కకి వంగి ఉంటే పద్ధతి మారుతుంది. చుట్టూ చూస్తే ఒక వైపు సందు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ కనిపిస్తుంది. ఎక్కువ సందు ఉన్న వైపు బొటనవేలితో, లోపలికి నేరుగా, కొంచెం కొంచెంగా నొక్కండి. టక్ మని కూర్చుంటుంది. దీనికి ధైర్యం కావాలి, నిజమే. కానీ అప్పటికే పనిచేయని లెన్స్ కదా, పోయేదేం లేదు. కూర్చోకపోతే లోపల ప్లాస్టిక్ గేరు పన్ను విరిగిందనుకోండి. అదే మోడల్ పాత కెమెరా నుంచి లెన్స్ మొత్తం తీసి మార్చడం తప్ప దారి లేదు.

మూడో మెట్టు: విప్పడం

పైవేవీ పనిచేయకపోతేనే ఇక్కడికి రండి. బ్యాటరీ, కార్డు తీసేయండి. అట్టముక్క మీద కెమెరా బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడ గుచ్చండి. పక్కపక్కనే ఉన్న స్క్రూలు కూడా పొడవులో తేడాగా ఉంటాయి. పొడుగు స్క్రూని పొట్టి దాని చోట బిగిస్తే అది వెళ్లి బోర్డులోకో తెరలోకో దిగుతుంది. ప్రతి మెట్టులో ఫోన్‌తో ఫోటో తీసుకోండి. కెమెరాని బాగుచేయడానికి ఫోన్ కెమెరా సాయం అడగడం కొంచెం నవ్వొచ్చే విషయమే.

కింద, పక్కల కనిపించే స్క్రూలు అయ్యాక దాగి ఉన్నవి వెతకండి. యూఎస్‌బీ రబ్బరు మూత కింద, బ్యాటరీ మూత లోపల, స్టిక్కర్ల కింద ఉంటాయి. అన్నీ తీశాక కూడా రాకపోతే లాగకండి, ఇంకో స్క్రూ మిగిలి ఉంది. తర్వాత అంచుల్లో పాత ఏటీఎం కార్డు దూర్చి ముందు మూత తీయండి. ఈ క్షణం నుంచి వేళ్లు పక్క అంచులకే తగలాలి, బోర్డు మీద ఎక్కడా కాదు.

ఇప్పుడు కెపాసిటర్ సంగతి. ఫ్లాష్ గాజు దగ్గర నుంచి వెతికితే నల్లటి గొట్టం కనిపిస్తుంది. మీటర్‌ని 600 లేదా 1000 వోల్టుల డీసీ మీద పెట్టి, దాని రెండు కాళ్ల మధ్య కొలవండి. ఒక చేయి వెనక్కి పెట్టుకోవడం పాత మెకానిక్కుల అలవాటు, మంచిదే. ఒక మీటర్ పుల్లకు మొసలి క్లిప్పు తగిలిస్తే అది కుదురుతుంది. 10 వోల్టులకు పైన ఉంటే ఖాళీ చేయాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తే పటాకాలా పేలి, నిప్పురవ్వ ఎగిరి, ఫ్లాష్ బోర్డు కూడా పోవచ్చు. 2 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌కి రెండు వైపులా తొడుగున్న వైర్లు అతికించి, వాటి కొసలను పది సెకన్లు ఆనించండి. ఇంట్లో పాతకాలపు జీరో బల్బు ఉంటే హోల్డర్‌కి వైర్లు కట్టి దానితోనూ చేయొచ్చు. పేరుకి జీరో గానీ ఆ బల్బు సుమారు 15 వాట్లు తింటుంది, ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. ఒక నిమిషం ఆగి మళ్లీ కొలవండి, ఎందుకంటే కొంత వోల్టేజి తిరిగి పుట్టుకొస్తుంది. రెండోసారి కూడా సున్నాకి దగ్గరగా ఉంటేనే చేయి పెట్టండి.

లోపల ఏం వెతకాలి?

బ్యాటరీ ప్లస్ పిన్ను నుంచి కరెంటు ఏ దారిన పోతుందో పట్టుకోవాలి. పిన్ను, దాని వైరు, అది బోర్డులో కలిసే చోటు చూడండి. ఆ దగ్గర్లోనే ఒకటి రెండు చిన్న ఫ్యూజులు ఉంటాయి. నువ్వు గింజంత దీర్ఘచతురస్రం, పైన ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన బోర్డు మీద తరచుగా F తో మొదలయ్యే గుర్తు. మీటర్‌ని బీప్ (కంటిన్యూటీ) మీద పెట్టి ఫ్యూజ్ రెండు కొసలు తాకితే మోగాలి. మోగకపోతే ఫ్యూజ్ కాలింది.

కాలిన ఫ్యూజ్‌ని వెంటనే మార్చేయాలని తొందరపడకండి. దానికి అవతలి వైపు కొసకు, మైనస్‌కు మధ్య రెసిస్టెన్స్ కొలవండి. దాదాపు సున్నా చూపిస్తే బోర్డులో ఎక్కడో షార్ట్ ఉంది, కొత్త ఫ్యూజ్ కూడా కాలుతుంది. షార్ట్ లేకపోతే అదే రేటింగ్ ఉన్న ఫ్యూజ్ పెట్టాలి. ఇంత చిన్నది సోల్డరింగ్ చేయడం మొదటిసారి చేతికి రాదు. మొబైల్ రిపేరు షాపతనికి చూపించి "ఇదొక్కటే మార్చు అన్నా" అంటే ఐదు నిమిషాల పని. ఫ్యూజ్ బదులు రాగి తీగ అతికించే తెలివి చూపిస్తే వారించండి. ఫ్యూజ్ అడ్డం లేకుండా లిథియం బ్యాటరీ షార్ట్ అయితే నష్టం కెమెరాతో ఆగదు.

ఫ్యూజ్ బాగుంటే చిలుము కోసం చూడండి. ఆకుపచ్చ మచ్చలున్న చోట ఐపీఏలో ముంచిన బ్రష్‌తో మెల్లగా రుద్ది, ఫ్యాన్ కింద కొన్ని గంటలు ఆరబెట్టండి. తర్వాత రిబ్బన్ కేబుళ్లు, అంటే లోపలి భాగాలను కలిపే పల్చటి పట్టీల్లాంటి తీగలు. కింద పడిన కెమెరాల్లో ఇవి సగం ఊడి ఉంటాయి. కనెక్టర్‌కి నల్లదో, గోధుమ రంగుదో సన్నని పట్టీ తాళంలా ఉంటుంది. కొన్నింటిలో అది పైకి లేస్తుంది, కొన్నింటిలో రెండు చివర్ల నుంచి ముందుకు జారుతుంది. తాళం తీయకుండా రిబ్బన్ లాగితే తెగుతుంది, తెగిన రిబ్బన్‌ని అతికించలేం. తాళం తీసి, రిబ్బన్ కొసను ఐపీఏతో తుడిచి, తిన్నగా లోపలికి తోసి మళ్లీ తాళం వేయండి. ఆన్ బటన్ స్విచ్‌ని కూడా బీప్ మీద పరీక్షించండి. నొక్కినప్పుడు మోగి, వదిలినప్పుడు ఆగాలి.

నీళ్లలో పడిన కెమెరా అయితే ఆన్ చేసి చూద్దామనే ఆత్రం ఆపుకోండి. వెంటనే బ్యాటరీ తీసేయాలి. ఉప్పు నీళ్లయితే డిస్టిల్డ్ వాటర్‌తో, ఆ తర్వాత ఐపీఏతో బోర్డు కడగాలి. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఉప్పు పోదు, చిలుము ఆగదు. కెమెరా సందుల్లోకి బియ్యపు పిండి మాత్రం చేరుతుంది.

మూసే ముందు

పూర్తిగా బిగించకముందే పరీక్షించాలని ఆశ పుడుతుంది. తప్పు కాదు గానీ, బ్యాటరీ పెట్టి ఆన్ చేసిన క్షణంలో కెపాసిటర్ మళ్లీ 300 వోల్టులకు నిండొచ్చు. కనుక ముందు మూత తాత్కాలికంగా తొడిగి, రెండు స్క్రూలు బిగించాకే బటన్ నొక్కండి. పని చేయలేదా, మళ్లీ విప్పాలంటే మళ్లీ ఖాళీ చేయాలి. టెన్షన్‌లో ఈ రెండోసారే ఎక్కువమంది మరిచిపోతారు. నాకు తగిలింది కూడా ఆ రెండోసారే.

బోర్డులో షార్ట్, కాలిన వాసన, సెన్సార్ పోవడం, విరిగిన గేర్లు, ఈ నాలుగింటిలో ఏది కనిపించినా ఆగిపోండి. అదే మోడల్ పాత కెమెరా చవగ్గా దొరికితే రెండింటినీ కలిపి ఒకటి చేయొచ్చు. దొరక్కపోతే స్క్రూలు, బ్యాటరీ మూత, తెర దాచుకోండి, ఇంకెవరికైనా పనికొస్తాయి.

వెలిగిందంటే మొట్టమొదట తేదీ, సమయం అడుగుతుంది. లోపలి గడియారాన్ని నడిపే చిన్న సెల్ ఇన్నేళ్లలో పూర్తిగా దిగిపోయి ఉంటుంది. చాలా మోడళ్లలో అది పెద్ద బ్యాటరీ నుంచే చార్జ్ అవుతుంది. చార్జ్ ఉన్న బ్యాటరీని ఒక రోజంతా లోపలే ఉంచండి. ఆ తర్వాత కూడా బ్యాటరీ మార్చినప్పుడల్లా తేదీ అడుగుతుంటే ఆ సెల్ పోయినట్టే. అడిగినప్పుడల్లా తేదీ పెట్టుకుంటే సరిపోతుంది, ఫోటోలకు దానితో ఇబ్బంది లేదు. మాది ఇప్పటికీ అడుగుతూనే ఉంది.